సరిహద్దు దాటి వచ్చిన వాడిన వాహనం: సుంకం పత్రమే తొలి ఆధారం
విదేశీ సెకండ్ హ్యాండ్ వాహనాల దిగుమతి, రిజిస్ట్రేషన్ విధివిధానాలపై ప్రత్యేక వ్యాసం

హైదరాబాదు: ఉపాధి నిమిత్తం విదేశాలకు వెళ్లి స్థిరపడిన తెలుగువారి సంఖ్య గణనీయమైనది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు, ఉన్నత చదువులు, ఉద్యోగాల కోసం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలకు తరలినవారు స్వదేశానికి తిరిగి వచ్చే సమయంలో అక్కడ వాడుకున్న కారును వెంట తెచ్చుకోవాలని ఆశించడం సహజం. మరోవైపు, విదేశీ కారు తక్కువ ధరకు లభిస్తోందన్న మాట విని ఇక్కడి మధ్యవర్తుల వద్ద కొనుగోలు చేసేవారూ ఉన్నారు. ఈ ఉభయులకూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: దేశ సరిహద్దు దాటి వచ్చిన పాత వాహనం మన రోడ్లపై చట్టబద్ధంగా తిరగాలంటే ఏమి చేయాలి?

ఈ ప్రశ్నకు సమాధానం రవాణా శాఖ కార్యాలయంలో మొదలవుతుందని పలువురు భావిస్తున్నారు. వాస్తవానికి అది కస్టమ్స్ రేవులో మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ పత్రం (ఆర్.సి.) వాహనం ఎవరి పేరిట నమోదైనదో తెలియజేస్తుంది. ఆ వాహనం దేశంలోకి సక్రమంగా ప్రవేశించినదీ లేనిదీ, దానిపై సుంకం చెల్లించినదీ లేనిదీ ఆ పత్రం తెలియజేయదు. ఈ వ్యత్యాసాన్ని గుర్తించని కారణంగానే కొందరు లక్షల రూపాయలు వెచ్చించి కొన్న వాహనాన్ని అధికారులకు అప్పగించవలసిన పరిస్థితి ఏర్పడుతోంది. ఈ నేపథ్యంలో సంబంధిత చట్టాలు, నియమాలు, తనిఖీ పద్ధతులను పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల సౌలభ్యం కొరకు ఈ వ్యాసంలో వివరించడమైనది.

విధాన నేపథ్యం

దిగుమతులపై దశాబ్దాలుగా అమలులో ఉన్న పరిమాణాత్మక ఆంక్షలను కేంద్ర ప్రభుత్వం 2001 ఏప్రిల్ 1 నుంచి తొలగించింది. అయితే, పాత వాహనాలు అపరిమితంగా దేశంలోకి వచ్చిపడితే రహదారి భద్రతకు, పర్యావరణానికి, స్వదేశీ పరిశ్రమకు నష్టం వాటిల్లగలదన్న ఉద్దేశంతో వాటి దిగుమతికి కఠినమైన షరతులు విధించింది. ఈ షరతులు విదేశీ వాణిజ్య విధానంలో భాగమైన దిగుమతి వర్గీకరణ పట్టికలోని 87వ అధ్యాయంలో పొందుపరచబడి ఉన్నాయి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఈ విధానాన్ని రూపొందిస్తుండగా, కస్టమ్స్ శాఖ రేవులో దానిని అమలు చేస్తుంది. రాష్ట్ర రవాణా శాఖ పాత్ర ఆ తర్వాత మాత్రమే ప్రారంభమవుతుంది.

దిగుమతికి ప్రధాన షరతులు

వాడిన వాహనం వయస్సు తయారీ తేదీ నుంచి మూడు సంవత్సరాలకు మించరాదు. కొనుగోలు చేసిన తేదీని గాని, విదేశంలో మొదటిసారి నమోదైన తేదీని గాని ఇందుకు పరిగణనలోకి తీసుకోరు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు మినహా మిగిలిన వాటికి స్టీరింగు, నియంత్రణ పరికరాలు కుడివైపున ఉండాలి. స్పీడోమీటరు వేగాన్ని కిలోమీటర్లలో చూపాలి. హెడ్‌లైట్ల కాంతి ప్రసరణ, రోడ్డుకు ఎడమవైపున నడిచే మన వాహన రాకపోకలకు అనువుగా ఉండాలి.

వీటితోపాటు, దిగుమతి జరిగిన తేదీ నాటికి అమలులో ఉన్న మోటారు వాహనాల చట్టం, 1988 నిబంధనలకు, కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989కి వాహనం అనుగుణంగా ఉండాలి. దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చినందున, విదేశంలో తయారైన నాటి ప్రమాణాలు ఏవైనప్పటికీ ఇక్కడి ప్రమాణమే వర్తిస్తుంది.

పరీక్షలు మూడు దశలలో జరగవలసి ఉంటుంది. ఓడకు ఎక్కించడానికి కొద్దిముందుగా వాహనాన్ని పరీక్షించి, అది భారతీయ నిబంధనలకు అనుగుణంగా ఉన్నదని గుర్తింపు పొందిన సంస్థ జారీ చేసిన ధ్రువపత్రం మొదటిది. తయారీ సమయంలో పొందిన మూల ఆమోద ప్రమాణాలకు వాహనం ఇప్పటికీ సరిపోలుతున్నదనే ధ్రువపత్రం రెండవది. భారతీయ రేవుకు చేరిన తర్వాత, దేశీయ వినియోగానికి విడుదల చేయడానికి ముందు నిర్వహించే పరీక్ష మూడవది. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, అహల్యానగర్ (పూర్వపు అహ్మద్‌నగర్)లోని వాహన పరిశోధన, అభివృద్ధి సంస్థ, మధ్యప్రదేశ్‌లోని బుధనీలో గల కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఈ పరీక్షల నిర్వహణకు విధానంలో పేర్కొనబడిన సంస్థలలో ఉన్నాయి.

వాహనం దిగుమతి తేదీ నుంచి కనీసం ఐదు సంవత్సరాలు రోడ్డుపై నడిచేందుకు యోగ్యమైనదై ఉండాలి. ఆ ఐదేళ్లపాటు దేశంలో మరమ్మతు సౌకర్యం కల్పిస్తామన్న హామీని దిగుమతిదారు సమర్పించాలి. వాడిన వాహనాల దిగుమతికి ముంబయి కస్టమ్స్ రేవును మాత్రమే విధానంలో నిర్దేశించారు. కనుక వాడిన కారు విశాఖపట్నం రేవులోనో, చెన్నై రేవులోనో, ఈశాన్య రాష్ట్రాల భూసరిహద్దు వద్దనో దిగుమతి అయినదని ఎవరైనా చెప్పినప్పుడు అది తక్షణమే సందేహించవలసిన అంశం.

గల్ఫ్, అమెరికా కార్ల విషయంలో గమనించవలసినది

పై షరతులలో మన రాష్ట్రవాసులకు అత్యధికంగా అడ్డు తగిలేది స్టీరింగుకు సంబంధించినది. యు.ఎ.ఇ., సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ దేశాలలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. అమెరికా, కెనడాలలోనూ ఇదే పద్ధతి. అందుచేత ఆ దేశాలలో సాధారణంగా లభించే కార్లన్నింటికీ స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. అంటే, తెలుగువారు అధిక సంఖ్యలో నివసించే దేశాల కార్లే ఈ షరతు వద్ద నిలిచిపోతున్నాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, మలేసియా, దక్షిణాఫ్రికా, జపాన్ దేశాల కార్లకు స్టీరింగు కుడివైపున ఉన్నప్పటికీ, బ్రిటన్ కార్లలో స్పీడోమీటరు మైళ్లను ప్రధానంగా చూపుతుందన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

ఎడమ స్టీరింగు కారును ఏదైనా మూడవ దేశంలో కుడి స్టీరింగుగా మార్పించి తేవచ్చునని మధ్యవర్తులు నమ్మబలుకుతుంటారు. అలా మార్చిన వాహనం తయారీనాటి మూల ఆమోద ప్రమాణాలకు సరిపోలదు. స్టీరింగు స్తంభం, పెడళ్లు, డాష్‌బోర్డు, ఎయిర్‌బ్యాగ్‌ల అమరిక మారిపోవడం వలన ప్రమాద సమయంలో ప్రయాణికుల రక్షణ కూడా ప్రశ్నార్థకమవుతుంది. తయారీదారు నిర్దేశించిన మూల స్వరూపానికి భిన్నంగా వాహనంలో మార్పులు చేయరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ పేర్కొంటుండగా, సుప్రీంకోర్టు 2019 జనవరిలో వెలువరించిన తీర్పులో ఆ సెక్షన్‌ను కచ్చితంగా పాటించవలసినదేనని స్పష్టం చేసింది.

శాశ్వతంగా తిరిగి వచ్చేవారికి గల వెసులుబాటు

కనీసం రెండు సంవత్సరాలు నిరంతరాయంగా విదేశంలో నివసించి, శాశ్వత నివాసం నిమిత్తం స్వదేశానికి వచ్చే వ్యక్తి, అక్కడ కనీసం ఒక సంవత్సరంపాటు తన స్వాధీనంలో ఉన్న కారును ప్రత్యేక దిగుమతి లైసెన్సు లేకుండా తెచ్చుకొనేందుకు విధానం అవకాశం కల్పించింది. ఈ వెసులుబాటు లైసెన్సుకు సంబంధించినదే గాని సుంకానికి సంబంధించినది కాదు. ఇంటి సామానుతోపాటు కారు కూడా సుంకం లేకుండా వస్తుందన్న ప్రచారం నిరాధారమైనది. కారుపై పూర్తి సుంకం చెల్లించి తీరవలసిందే.

ఈ వెసులుబాటును వినియోగించుకోదలచినవారు పాస్‌పోర్టు ప్రతులు, విదేశంలోని నివాస అనుమతి పత్రాలు, తమ పేరిట గల విదేశీ రిజిస్ట్రేషన్ పత్రం, కొనుగోలు రసీదు, బీమా పత్రాలు భద్రపరచుకోవాలి. ఒక సంవత్సరపు స్వాధీనాన్ని నిరూపించేవి ఇవే. కారును ఓడ ఎక్కించడానికి ముందుగానే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ప్రాంతీయ కార్యాలయంలో, కస్టమ్స్ కార్యాలయంలో తమ వాహనం దిగుమతికి అర్హమైనదీ లేనిదీ లిఖితపూర్వకంగా నిర్ధారించుకోవడం శ్రేయస్కరం. రేవులో నిలిచిపోయిన వాహనానికి నిలువ రుసుములు రోజురోజుకూ పెరిగి యజమానికి భారమవుతాయి. తిరిగి పంపాలన్నా రవాణా ఖర్చును అతడే భరించాలి.

సుంకం లెక్క

వాడిన కార్లపై విధించే కస్టమ్స్ సుంకం దేశంలో అత్యధిక రేట్లు గల సుంకాలలో ఒకటి. వాహనం ధరకు ఓడ కిరాయి, బీమా కలిపి నిర్ధారించిన విలువపై తొలుత కస్టమ్స్ సుంకాలు లెక్కిస్తారు. ఆ మొత్తంపై సమీకృత వస్తు, సేవల పన్నును విధిస్తారు. అనగా సుంకంపై కూడా పన్ను పడుతుంది. ఫలితంగా పెద్ద ఇంజను గల పెట్రోలు, డీజిలు కారు విషయంలో అన్నీ కలిపి యజమాని వెచ్చించే మొత్తం నిర్ధారిత విలువకు మూడు రెట్లు దాటుతుంది. నిర్ధారిత విలువ 10 లక్షల రూపాయలైన కారు ముంబయి రేవు దాటేసరికి 30 లక్షల రూపాయలకు పైబడుతుందని స్థూలంగా చెప్పవచ్చు. రేట్లు వార్షిక బడ్జెట్లలోను, ప్రత్యేక నోటిఫికేషన్ల ద్వారాను మారుతుంటాయి గనుక దిగుమతి తేదీ నాటి రేటునే పరిగణించాలి.

విలువ నిర్ధారణ దిగుమతిదారు చెప్పిన మాటపై మాత్రమే ఆధారపడదు. కస్టమ్స్ చట్టం, 1962లోని 14వ సెక్షన్, 2007 నాటి విలువ నిర్ధారణ నియమాల ప్రకారం, ప్రకటిత విలువపై సహేతుకమైన సందేహం ఉన్నప్పుడు దానిని తిరస్కరించి వాస్తవ విలువను నిర్ణయించే అధికారం అధికారులకు ఉన్నది. ఉద్దేశపూర్వకంగా విలువ తగ్గించి చూపినట్లు తేలితే ఐదు సంవత్సరాల వరకు వెనుకకు వెళ్లి తక్కువపడిన సుంకాన్ని కోరుతూ 28వ సెక్షన్ కింద నోటీసు జారీ చేయవచ్చు. సుంకం ఎంత అధికమో ఎగవేతకు ఆశ కూడా అంత అధికం. విపణిలో వినవచ్చే "చౌక విదేశీ కారు" రహస్యం చాలా సందర్భాలలో ఇదే.

రేవు నుంచి రవాణా కార్యాలయం వరకు

వాహనం రేవుకు చేరగానే దిగుమతిదారు కస్టమ్స్ చట్టంలోని 46వ సెక్షన్ ప్రకారం బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి నమోదు పత్రం) దాఖలు చేయాలి. ఇందులో వాహనం తయారీదారు, మోడల్, తయారీ సంవత్సరం, చాసిస్ నంబరు, ఇంజను నంబరు, విలువ, సుంకం వివరాలు ఉండాలి. పరీక్షలు ముగిసి, సుంకం చెల్లించిన పిదప 47వ సెక్షన్ కింద అధికారి విడుదల ఉత్తర్వు ఇస్తారు. ఈ రెండు పత్రాలే ఆ వాహనానికి ఈ దేశంలో జన్మపత్రిక వంటివి.

అటుపిమ్మట మోటారు వాహనాల చట్టం వర్తిస్తుంది. 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. ముంబయి నుంచి హైదరాబాదుకు రోడ్డుపై నడుపుకొని రావాలంటే 43వ సెక్షన్ కింద తాత్కాలిక రిజిస్ట్రేషన్ పొందాలి. లేనిపక్షంలో వాహనాన్ని ట్రైలరుపై తరలించాలి. 40వ సెక్షన్ ప్రకారం యజమాని నివాసం లేదా వ్యాపార స్థలం ఉండి, వాహనం సాధారణంగా ఉండే రాష్ట్రంలోనే శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

కేంద్ర నియమావళిలోని 47వ నియమం ప్రకారం ఫారం 20లో దరఖాస్తు చేయాలి. దరఖాస్తుతోపాటు బీమా పత్రం, చిరునామా ఆధారం, రోడ్డు యోగ్యతకు సంబంధించిన పత్రాలు జతపరచాలి. దిగుమతి వాహనాల విషయంలో కస్టమ్స్ విడుదల ధ్రువపత్రాన్ని, లైసెన్సు, బాండు ఉన్నట్లయితే వాటిని కూడా సమర్పించాలని ఇదే నియమం విస్పష్టంగా పేర్కొంటున్నది. 81వ నియమం ప్రకారం రిజిస్ట్రేషన్ రుసుము దిగుమతి కారుకు 5,000 రూపాయలు, దిగుమతి మోటారు సైకిలుకు 2,500 రూపాయలు. దీనికి రాష్ట్ర ప్రభుత్వ జీవితకాల పన్ను అదనం. ఈ పన్నును వాహనం ధరపై శాతంగా లెక్కిస్తారు గనుక, కస్టమ్స్ వద్ద విలువ తగ్గించి చూపినప్పుడు కేంద్రంతోపాటు రాష్ట్ర ఖజానాకు కూడా నష్టం వాటిల్లుతుంది.

అధీకృత డీలరు విక్రయించిన కొత్త వాహనాన్ని తొలి రిజిస్ట్రేషన్ కొరకు కార్యాలయంలో హాజరుపరచవలసిన అవసరం లేదని 2019 సవరణ అనంతరం 44వ సెక్షన్ సడలింపు ఇచ్చింది. విదేశంలో వాడిన వాహనానికి ఈ సడలింపు వర్తించదు. మోటారు వాహనాల తనిఖీ అధికారి దానిని స్వయంగా పరిశీలించి, చాసిస్‌పై చెక్కిన నంబరు కస్టమ్స్ పత్రంలోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలినదని నిర్ధారించుకోవలసి ఉంటుంది.

పర్యాటకుల, దౌత్య కార్యాలయాల వాహనాలు

విదేశీ నంబరు పలకతో మన రోడ్లపై కనిపించే ప్రతి వాహనమూ అక్రమమైనది కాదు. కార్నే అనే అంతర్జాతీయ హామీ పత్రంపై పర్యాటకులు తమ వాహనాన్ని సుంకం చెల్లించకుండా తాత్కాలికంగా, సాధారణంగా ఆరు నెలల కాలానికి, దేశంలోకి తేవచ్చు. గడువులోగా దానిని తిరిగి తీసుకొని వెళ్లాలి. ఇటువంటి వాహనాల రాకపోకలకై కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రత్యేక నియమాలను ప్రకటించింది. వాటి ప్రకారం వాహనంలో చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ పత్రం, డ్రైవింగు లైసెన్సు లేదా అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్, బీమా, కాలుష్య నియంత్రణ పత్రం ఉండాలి. పత్రాలు ఆంగ్లేతర భాషలో ఉన్నట్లయితే ధ్రువీకరించిన ఆంగ్లానువాదం జతపరచాలి. స్థానిక ప్రయాణికులను గాని, సరుకులను గాని రవాణా చేయరాదు. కార్నేపై వచ్చిన వాహనాన్ని ఇక్కడ అమ్మజూపడమంటే ఆ హామీని ఉల్లంఘించడమే.

దౌత్య కార్యాలయాల వాహనాలకు సుంకం మినహాయింపు ఉంటుంది. వాటి రిజిస్ట్రేషన్‌కు చట్టంలోని 42వ సెక్షన్ ప్రత్యేక విధానాన్ని నిర్దేశించింది. ఆ వాహనం దౌత్య ప్రతినిధి సొత్తు కాకుండా పోయిన క్షణం నుంచి పాత రిజిస్ట్రేషన్ చెల్లదు. సాధారణ పౌరుడు దానిని కొనుగోలు చేయాలంటే కస్టమ్స్ అనుమతి, వర్తించే సుంకం చెల్లింపునకు ఆధారం, ఆపై నూతన రిజిస్ట్రేషన్ తప్పనిసరి. "రాయబార కార్యాలయం వాడిన కారు" అన్న మాట ఒక్కటే ఏ విధంగానూ ఆధారం కాజాలదు.

వెలుగులోకి వచ్చిన అక్రమాలు

2025 సంవత్సరంలో రెండు ప్రధాన దర్యాప్తులు ఈ సమస్య తీవ్రతను దేశానికి తెలియజేశాయి. ఆ సంవత్సరం మే నెలలో, విదేశీ విలాసవంతమైన కార్ల దిగుమతిలో విలువను తగ్గించి చూపి కోట్లాది రూపాయల సుంకం ఎగవేశారన్న ఆరోపణపై రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ అధికారులు హైదరాబాదుకు చెందిన ఒక కార్ల వ్యాపారిని అరెస్టు చేశారు. అమెరికా, జపాన్ దేశాల నుంచి సేకరించిన కార్లను దుబాయి లేదా శ్రీలంకకు తరలించి, ఎడమ స్టీరింగును కుడివైపునకు మార్పించి, నకిలీ పత్రాలతో భారతదేశానికి తెచ్చినట్లు అధికారులు ఆరోపించారు.

అదే సంవత్సరం సెప్టెంబరు 23న కేరళలో కస్టమ్స్ అధికారులు "నమ్‌ఖోర్" పేరిట విస్తృత సోదాలు నిర్వహించారు. భూటాన్ భాషలో ఈ మాటకు వాహనం అని అర్థం. భూటాన్‌లో వాడిన వాహనాలను సుంకం లేకుండా సరిహద్దు దాటించి, సైన్యం, రాయబార కార్యాలయాలు, విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పేరిట సృష్టించిన నకిలీ పత్రాలతో వేర్వేరు రాష్ట్రాలలో రిజిస్ట్రేషన్ చేయించి విక్రయించారని అధికారులు వెల్లడించారు. తొలిరోజునే పదుల సంఖ్యలో వాహనాలు స్వాధీనం చేసుకున్నారు. వాటిలో పలు వాహనాలు చేతులు మారి, భారతీయ ఆర్.సి.తో నిరాటంకంగా తిరుగుతూ వచ్చినవే.

ఈ రెండు ఉదంతాలలోనూ మార్గాలు వేరైనా సారాంశం ఒక్కటే. సరిహద్దు వద్ద లేని పత్రాన్ని కప్పిపుచ్చడానికి రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి పొందే పత్రాన్ని సాధనంగా వాడుకున్నారు. ఒక రాష్ట్రంలో ఒకసారి ఆర్.సి. లభించిందంటే, నిరభ్యంతర పత్రంతో ఆ వాహనం మరొక రాష్ట్రానికి వెళ్లినప్పుడు అక్కడి అధికారులు మొదటి రిజిస్ట్రేషన్‌నే నమ్మి ముందుకు సాగే అవకాశం ఉంది. అక్రమార్కులు ఆశ్రయించేది ఈ నమ్మకాన్నే.

తెలియక కొన్నవారి పరిస్థితి

సక్రమంగా ధర చెల్లించి, బ్యాంకు ద్వారా సొమ్ము బదిలీ చేసి, తన పేరిట ఆర్.సి. మార్పించుకున్న కొనుగోలుదారు నిర్దోషి కావచ్చు. అయినప్పటికీ అతని వాహనానికి రక్షణ లేదు. కస్టమ్స్ చట్టంలోని 110వ సెక్షన్ కింద స్వాధీనం, 111వ సెక్షన్ కింద జప్తు చర్యలు వాహనంపై తీసుకొనేవి. అది ఎన్ని చేతులు మారినా అక్రమ ప్రవేశం సక్రమం కాదు. 125వ సెక్షన్ కింద జప్తునకు బదులుగా జరిమానా చెల్లించి వాహనాన్ని విడిపించుకొనే అవకాశం కల్పించవచ్చు. అయితే, దిగుమతి నిషేధం వర్తించే వస్తువుల విషయంలో ఆ అవకాశం ఇవ్వడం అధికారి విచక్షణపై ఆధారపడి ఉంటుంది.

కొనుగోలుదారుకు ఊరట కలిగించే న్యాయసూత్రం కూడా ఒకటి ఉన్నది. కొచ్చి కస్టమ్స్ అధికారులు, విదేశం నుంచి వచ్చిన ఒక పోర్షే కారు తర్వాతి యజమాని మధ్య తలెత్తిన వివాదంలో సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో తీర్పు చెప్పింది. వాహనాన్ని దేశంలో తర్వాత కొనుగోలు చేసిన వ్యక్తి చట్టం దృష్టిలో దిగుమతిదారు కాడని, అతని నుంచి దిగుమతి సుంకాన్ని కోరజాలరని న్యాయస్థానం అభిప్రాయపడింది. సుంకం భారం తప్పినా న్యాయస్థానాల చుట్టూ తిరిగే కాలమూ, వ్యయమూ తప్పవు. ఆ మధ్యకాలంలో వాహనం గోదాములో ఎండకు ఎండి, వానకు తడిసి విలువ కోల్పోతుంది.

రవాణా చట్టం కూడా ఈ విషయంలో కఠినంగా ఉంది. తప్పుడు పత్రాల ఆధారంగా రిజిస్ట్రేషన్ పొందినట్లు గాని, చాసిస్ లేదా ఇంజను నంబరు ఆర్.సి.లోని నంబరుకు భిన్నంగా ఉన్నట్లు గాని తేలితే, యజమానికి తన వాదన వినిపించుకొనే అవకాశం కల్పించిన అనంతరం రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయాలని 55వ సెక్షన్ ఐదవ ఉపసెక్షన్ ఆదేశిస్తున్నది. రిజిస్ట్రేషన్ రద్దయిన పిమ్మట వాహనాన్ని రోడ్డుపై నడపడానికి వీలుండదు. ప్రమాదం సంభవించిన పక్షంలో బీమా పరిహారం సైతం వివాదాస్పదం కాగలదు. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకున్న చందంగా కాకుండా, కొనుగోలుకు ముందే జాగ్రత్త వహించడం ఒక్కటే మార్గం.

పరిశీలించవలసిన అంశాలు

కొనుగోలుదారులు, తనిఖీ అధికారులు, ఈ అంశంపై వార్తలు రాసే పాత్రికేయులు ఈ దిగువ వరుసలో పత్రాలను పరిశీలించడం మేలు.

1. ముందుగా బిల్ ఆఫ్ ఎంట్రీ అసలు ప్రతిని చూడాలి. దాని సంఖ్య, తేదీ, రేవు వివరాలను కస్టమ్స్ శాఖకు చెందిన ఐస్‌గేట్ పోర్టల్‌లో సరిచూడాలి. నకలు మాత్రమే ఉన్నదని చెప్పినచో సందేహించాలి.

2. బిల్ ఆఫ్ ఎంట్రీ, విదేశీ రిజిస్ట్రేషన్ రద్దు లేదా ఎగుమతి పత్రం, ఆర్.సి., వాహనంపై చెక్కిన చాసిస్ నంబరు ఈ నాలుగూ ఒకటిగా ఉండాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి అక్షరం తయారీ ప్రాంతాన్ని సూచిస్తుంది. జపాన్‌కు జె, జర్మనీకి డబ్ల్యు ఉదాహరణలు. జపాన్ దేశీయ విపణి కోసం తయారైన కార్లకు ఇంతకన్నా చిన్న చాసిస్ నంబరు ఉంటుంది గనుక కేవలం పొడవును బట్టి తీర్పు చెప్పరాదు.

3. తయారీ తేదీకి, దిగుమతి తేదీకి మధ్య వ్యవధి చూడాలి. మూడేళ్లు మించినచో ఏ ప్రత్యేక అనుమతిపై వచ్చినదో పత్రం చూపమని కోరాలి.

4. కొత్త వాహనంగా దిగుమతి అయినట్లు పత్రాలలో ఉన్నట్లయితే, అది విదేశంలో అంతకుముందు రిజిస్టరు కాలేదని, విక్రయం కాలేదని నిర్ధారించుకోవాలి. వాడిన వాహనాన్ని కొత్తదిగా ప్రకటించడం తరచు జరిగే మోసం.

5. మొదటి రిజిస్ట్రేషన్ జరిగిన రాష్ట్రానికి, అప్పటి యజమాని నివాసానికి సంబంధం ఉన్నదీ లేనిదీ గమనించాలి. కారణం లేకుండా సుదూర రాష్ట్రంలో రిజిస్టరై, కొద్దికాలంలోనే ఇక్కడికి వచ్చిన విదేశీ వాహనం ప్రత్యేక పరిశీలనకు అర్హమైనది.

6. సైన్యం లేదా దౌత్య కార్యాలయం విక్రయించినట్లు పత్రం ఉన్నచో, దానిని జారీ చేసిన కార్యాలయానికి నేరుగా లేఖ రాసి ధ్రువీకరించుకోవాలి. అమ్మకందారు తెచ్చిచ్చిన ధ్రువీకరణను స్వీకరించరాదు.

7. వాహనం విదేశంలో దొంగిలించబడినదన్న అనుమానం కలిగినచో పోలీసు అధికారులు కేంద్ర దర్యాప్తు సంస్థ ద్వారా ఇంటర్‌పోల్ వాహన చోరీల సమాచార నిధితో సరిచూడవచ్చు.

8. ఇతర రాష్ట్రం నుంచి వచ్చిన వాహనమైతే ఫారం 28లోని నిరభ్యంతర పత్రాన్ని, యాజమాన్య మార్పిడికై ఫారం 29, 30లను పరిశీలించాలి. చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం 12 నెలలకు మించి ఇక్కడ ఉంచిన వాహనానికి స్థానిక నంబరు పొందాలి. ఈ సందర్భంలో కూడా కస్టమ్స్ పత్రాన్ని మరోమారు అడగడంలో తప్పులేదు.

పాత్రికేయులకు మరొక మనవి. స్వాధీనమైన వాహనం ప్రస్తుత యజమానిని సుంకం ఎగవేసిన వ్యక్తిగా చిత్రించే ముందు, దిగుమతి చేసినవారు ఎవరు, మొదటి రిజిస్ట్రేషన్ చేసినది ఏ కార్యాలయం, ప్రస్తుత యజమాని ఎన్నవ కొనుగోలుదారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం సేకరించడం సముచితం. నిజాయితీగా కొని నష్టపోయిన వ్యక్తికి, మోసగించిన వ్యక్తికి మధ్య గల తేడా పాఠకునికి తెలియాలి. అదే విధంగా మొదటి రిజిస్ట్రేషన్ ఎలా జరిగిందన్న ప్రశ్నను ఉపేక్షించడం తగదు.

ముగింపు

విదేశంలో కష్టించి కొన్న కారుపై మమకారం ఉండటం సహజమే. అయితే సుంకం, రవాణా, పరీక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు లెక్కించి చూసినప్పుడు అక్కడే విక్రయించి, ఆ సొమ్ముతో ఇక్కడ కారు కొనుక్కోవడమే ఎక్కువమందికి లాభదాయకమని స్పష్టమవుతుంది. తప్పనిసరిగా తేదలచినవారికి చట్టం మార్గం చూపుతున్నది. ఆ మార్గం కఠినమైనదే గాని అస్పష్టమైనది కాదు.

ఇక్కడ విదేశీ కారు కొనదలచిన పౌరుడు అమ్మకందారును మొట్టమొదట అడగవలసినది ధర కాదు, ఆర్.సి. కూడా కాదు, కస్టమ్స్ పత్రం. రిజిస్ట్రేషన్ అధికారి తన సంతకానికి ముందు చూడవలసినదీ అదే. ఈ ఒక్క అలవాటు పాటించినట్లయితే ప్రభుత్వ ఆదాయం, రహదారి భద్రత, సామాన్య కుటుంబాల పొదుపు సొమ్ము మూడూ కాపాడబడతాయి. ఈ సమాచారాన్ని తమ పత్రికలు, ప్రసార మాధ్యమాల ద్వారా ప్రజలకు, ప్రత్యేకించి విదేశాలలో ఉన్నవారి కుటుంబాలకు చేరవేయవలసిందిగా పాత్రికేయ మిత్రులను కోరడమైనది.